వాన కబురుకు మా షరతులు

శ్రీయుత జిల్లా వాన సమాచార అధికారి గారి సముఖమునకు, కామారెడ్డి.
ఎల్లారెడ్డి దగ్గరి రైతు లింబాద్రి వ్రాసుకొను అర్జీ.

విషయం: మేము నమ్మదగిన వాన కబురు ఎట్లుండవలెనో తెలియజేయుట గురించి.

అయ్యా,

కొనుగోలు కేంద్రం ముందు ఆరబోసిన నా వడ్లలో సగం పోయిన వారం తడిసి మొలకెత్తినవి. మిగిలిన సగం కూడా తడిస్తే ఈ ఏటి పంట మాకు దక్కదు. ఎప్పుడూ కప్పి ఉంచితే ఆరవు, తేమ ఉన్నదని తిరగ్గొడతారు. కావున ఏ కబురు నమ్మి టార్పాలిన్ కప్పవలెనో తేలక ఈ క్రింది ఇబ్బందులు మనవి చేయుచున్నాను.

1. తమ మెసేజీలో 'జిల్లాలో అక్కడక్కడ వర్షములు' అని ఉండును. నా భార్య విమలమ్మ అది విని, "అక్కడక్కడ అంటే ఏ ఊరు? మన కుప్ప అక్కడున్నదా, ఇక్కడున్నదా అడుగు" అన్నది. అడుగుటకు అందులో నంబరు లేదు. పైగా వడ్లు తడిసిన రోజు అది వాన వెలిసిన తరువాత వచ్చినది. దానిని కబురు అనరు, పరామర్శ అంటారు.

2. ఫోనులోని యాప్, ఎల్లారెడ్డి అని కొట్టినా కామారెడ్డి మబ్బులే చూపించును. బొమ్మలు మాత్రం అందముగా ఉండును.

3. నస్రుల్లాబాద్‌లో మా మరదలు, విమలమ్మ చెల్లెలు సాలవ్వ ఉన్నది. మాకు మబ్బు అటునుంచే వచ్చును. దండెం మీది బట్టలు తీయగానే ఆమె ఫోన్ చేసి, "బావా, ఈడ పడ్తున్నది, ఉరుకు" అనును. ఇంతకన్న తాజా కబురు లేదు. అయితే పోయిన వారం అక్కాచెల్లెండ్లు ఒక కోడిపుంజు విషయమై మాటలు మానుకున్నారు. సాలవ్వ బట్టలు తీసుకున్నది, ఫోన్ మాత్రం చేయలేదు. తడిసిన వడ్లు ఎత్తుతుంటే నాకు ఏడుపొచ్చింది సారూ. ఆడనే కూసొని ఏడ్చిన.

కావున తమ కబురులో ఊరి పేరు ఉండవలెను. మబ్బును ఎవరు చూసినారో, ఎప్పుడు చూసినారో ఉండవలెను. తెలియనప్పుడు 'తెలియదు' అని వ్రాయవలెను, ఆ రోజు మేమే మెడ ఎత్తుకొని చూసుకుంటాము. మాతో తగాదా ఉన్నా పంపవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, పంపేవారిది కూడా ఏదో ఒకటి బయట ఆరుతూ ఉండవలెను. విమలమ్మ మాటలో చెప్పాలంటే, "ఆయనయి గూడ తడుస్తయంటే జల్ది చెప్తడు."

ఈ మనవిని తమరు ఒకసారి కిటికీ తెరిచి, పైకి చూసి, ఆ పిమ్మట చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
మెడ పట్టేసిన లింబాద్రి

తా.క.: పై అర్జీ నిన్న రాసిన. రాత్రంతా ఆలోచించి, యాప్ ఎట్లాగూ కామారెడ్డిదే సరిగ్గా చెప్తది కదా అని, మిగిలిన వడ్లు ట్రాక్టర్‌లో తెచ్చి మీ ఆఫీసు వాకిట్లనే ఆరబోసిన. విమలమ్మ కుప్ప పక్కనే ఉన్నది. ఇప్పుడు గాలి లేచింది. టార్పాలిన్ పెద్దది, ఇద్దరికి ఆగుత లేదు. రెండో కొస పట్టాలె, జర కిందికి రాండ్రి సార్.