మాసికం దాకా ఆగిన చెక్కు

మే 6
బ్యాంకుకు పోయి వచ్చాను. వానాకాలం విత్తనాల సరుకుకు దుకాణం అప్పు లిమిట్ పెంచరట. ఒక్క కిస్తీ తప్పలేదు కదా అన్నాను. మేనేజరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పింది. "కిస్తీలు కాదు సార్. మీకు సరుకిచ్చేవాళ్లకు ఎప్పుడు కట్టారో కూడా చూస్తాం. దాన్నిబట్టి దుకాణానికీ ఒక స్కోరు ఉంటుంది."
ఒకే ఒక్క ఎర్రగీత. కరీంనగర్ వెంకటి బిల్లు. సరుకంతా ఆయన దగ్గరే కాబట్టి ఆ ఒక్కటే బరువైంది.
ఫిబ్రవరి. నా జ్యోతి చనిపోయిన నెల.

మే 7
గుర్తుంది. పదకొండో రోజున వెంకటి వచ్చాడు. గడువు దగ్గర పడిందని చెక్కు రాసి ఉంచాను. మడిచి నా జేబులోనే పెట్టాడు. "ఏంది బావా గిది? చెల్లె మాసికం కాకముందు గీ ఇంట్ల పైసలు ముడుతనా నేను?"
కాదనలేదు. తేలికైంది... ఏదో ఒకటి ఆగినందుకు.
మాసికం అయ్యాకే కట్టాను. ఇక్కడ అందరం అంతే.

మే 8
ఫోన్ చేశాను. "నేనే వద్దన్న గద బావా! గా కంప్యూటర్‌కు మాసికం ఏం ఎరుక? పోయినేడు సంది బిల్లులన్నీ దాంట్లకే ఎక్కుతున్నయ్. గడువు దాటంగనే అదే లేటని రాసుకుంటది."
గడువు పెంచినట్టు కాగితం రాసిస్తానన్నాడు.

మే 12
జ్యోతి ఫోన్ రీచార్జ్ అయిపోతోందని మెసేజ్. చేయించాను.

మే 19
గడువు తానే పెంచానని వెంకటి కాగితం రాసిచ్చాడు. ఎర్రగీత తీసేయమని బ్యాంకుకు పెట్టే అర్జీలో నా వంతు — ఆలస్యానికి కారణం. "భార్య మరణం" అని టైపు చేశాను. చెరిపేశాను. ఆమెను సాకుగా చూపినట్టుంది.
"ఇంటి పరిస్థితులు." పంపాను.

మే 27
అర్జీ తిప్పి పంపారు. మేనేజరమ్మ ఫోన్ చేసింది. "కారణం స్పష్టంగా లేదట సార్. మరణ ధ్రువపత్రం పెట్టండి. సరిచేయడానికి మాత్రం నెల పైనే." నెల పైనే అంటే నాట్లు పడిపోతాయి.
ఆ పత్రం ఉన్న బీరువా తీశాను. మూశాను.

జూన్ 2
అరలు ఖాళీ. ఏటా నా దగ్గరే విత్తనాలు కొనే మల్లయ్య గడపలోనే ఆగాడు. "ఏంది సేటూ, గీసారి గోడలు అమ్ముతున్నవా?" బయట నవ్వులు. నేనూ నవ్వాను. ఎదురు దుకాణం మెట్లెక్కాడు.

జూన్ 4
బ్యాంకులో ధ్రువపత్రం పెట్టాను. స్కాన్ చేసే అతను "మీకేమవుతారు?" అన్నాడు. చెప్పాను.

జూన్ 8
అడగకుండానే వెంకటి లారీ వచ్చింది. ఫోన్ చేశాను.
"పంట అమ్మినంక ఇయ్యి బావా. నాకేమన్న కొత్తోనివా?"
"బిల్లు?"
"బిల్లు కంప్యూటర్‌దే. ముప్పై రోజులని పడ్తది. దానికి నేనేం జెయ్య?"
ముప్పై రోజుల్లో పంట రాదు. దించుకుంటే రెండో ఎర్రగీత... బ్యాంకు ఇక తలుపు తీయదు. తిప్పి పంపితే దుకాణం ఈ ఏడుతో సరి.
"దించాల్నా, వద్దా సేటూ? మబ్బు దిగింది," హమాలీ అరుస్తున్నాడు.
లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. లారీ ఇంజిన్ ఇంకా ఆపలేదు.