రెండు నక్షత్రాలు, ఒక నిచ్చెన

గరివిడి,
3 నవంబరు 2014.

మేనకోడలు పద్మజకు మావ ఏసురాజు వందనాలు. ప్రభువు కృప వల్ల, నా షుగరు తప్ప, అందరం క్షేమం.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటి అంటావా? మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. నేను ఫోనులో మాట్లాడితే మీ నాన్న రాబర్టు బావ అవతల మంచం మీద పడుకునే వింటాడు. ఇది రహస్యం.

రెండేళ్ళ కిందట క్రిస్మస్‌కి నేను చర్చి మీద నక్షత్రం కడుతుంటే బావ నిచ్చెన వదిలేశాడు. నేను కింద పడ్డాను. "తుమ్మొచ్చిందిరా" అన్నాడు. ఆ తుమ్ము నేను నమ్మలేదు. అప్పట్నుంచి మాటల్లేవు. ఈసారి పాస్టరుగారు, ఇద్దరూ చెరొకటి చేసుకు రండి, బాగున్నదే పైకెక్కిద్దాం అన్నారు. నాది ఎక్కకపోతే పది కుటుంబాలను తీసుకుపోయి వేరే సంఘం పెట్టేస్తాను. బావ కూడా అదే అంటున్నాడట. ఆయన ప్లాంటులో ఫిట్టరుగా చేసిన మనిషి, చేతిలో పనుంది. నువ్వు బెంగుళూరులో నక్షత్రాల మీదే కదా పరిశోధన చేస్తున్నావు? గరివిడిలో ఎవరూ చూడని నక్షత్రం ఒకటి చెప్పు.

ఇట్లు,
నీ మావ.

తా.క.: మీ నాన్నకి చెప్పావో, నీ పెళ్ళిలో బిరియానీ దగ్గర నేను నిలబడను. తర్వాత నీ ఇష్టం.

బెంగుళూరు,
9 నవంబరు.

మావకి పద్మజ వందనాలు.

నేను చూసేది ఒక నక్షత్రం కాదు, జంట. ఒకటి పెద్దది, బాగా ఉబ్బినది. పక్కది చిన్నదే కానీ మహా బరువు. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. పెద్దదాని పదార్థాన్ని చిన్నది లాక్కుంటుంది. అది నేరుగా లోపలికి పోదు, చుట్టూ తిరుగుతూ పళ్ళెంలా పరుచుకుంటుంది. మింగలేనిదాన్ని పైకొకటి, కిందికొకటి రెండు ధారలుగా చిమ్మేస్తుంది. ఒక జంటలో ఆ ధారలు వెలుగు వేగంలో పావు వంతు వేగంతో పోతాయి! ఈ రకంలో రెండోది పక్కన లేకపోతే ధారే లేదు.

వెదురు బద్దలతో రెండు నక్షత్రాలు కట్టు. పళ్ళేనికి చేట పెట్టు. తిప్పడానికి పాత టేబులు ఫ్యాను మోటారు చాలు. ధారలకి ప్లాస్టిక్ గొట్టాల్లో సీరియల్ బల్బులు. కొలతలు వెనక పేజీలో ఉన్నాయి.

ఉంటాను,
పద్మజ.

తా.క.: నాన్నకి చెప్పను. గట్టిగా అడిగితే మాత్రం అబద్ధమాడలేను. సండే స్కూల్లో పాఠం చెప్పింది నువ్వే.

గరివిడి,
15 నవంబరు.

మేనకోడలికి మావ వందనాలు.

ఉత్తరం అందింది, మూడుసార్లు చదివాను. మీ అత్త సీతమ్మ వంటింట్లోంచే అంతా విని బాగుందంది. కానీ నాకో అనుమానం. ఉబ్బిన పెద్దది నేనేనా? పక్కన చేరి నా మనుషుల్ని లాక్కునే చిన్నది మీ నాన్నేనా? మింగలేక చిమ్మడం మాత్రం అచ్చం ఆయనే.

అది అలా ఉంచు. నిన్న దడి సందులోంచి మీ పెరట్లోకి చూశాను. వెదురు కట్లు రెండు! ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కనే చేట! బావ జన్మలో చేట ముట్టుకున్నాడా? ఏటే ఇదంతా? నిజం సెప్పు. ఎప్పుడు చేరావు ఆ పార్టీలో?

ఇట్లు,
అనుమానంతో,
మావ.

తా.క.: పోస్టుమేన్ లక్ష్ముడు నీ ఉత్తరం నవ్వుతూ ఇచ్చాడు. ఇదివరకెప్పుడూ నవ్వలేదు. ఇకనుంచి కవరు మైదాతో రెండుసార్లు అంటించు.

బెంగుళూరు,
20 నవంబరు.

మావకి వందనాలు.

ఒట్టు వెయ్యకూడదని నువ్వే నేర్పావు కాబట్టి మామూలుగా చెబుతున్నాను. నాన్నకి చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. ఆ పెద్ద నక్షత్రం నువ్వు కాదు. దానికి షుగరు లేదు. మోటారు తిరిగిందా?

పద్మజ.

తా.క.: కవరుకి మైదా పెట్టాను. హాస్టలు చీమలన్నీ నా బల్ల మీదే ఉన్నాయి.

గరివిడి,
28 నవంబరు.

పద్మజకు మావ వందనాలు.

మోటారు తిరగలేదు. గుర్రుమని ఆగిపోతోంది. అంతకంటే పెద్ద సంగతుంది. దొంగని పట్టడానికి వల వేశాను. 'పెద్ద నక్షత్రానికి పచ్చ కాయితం అంటిస్తున్నాను' అని నీకో దొంగ ఉత్తరం రాశాను. తెల్లారగానే బావ చీపురుపల్లి వెళ్ళి పచ్చ కాయితాలు తెచ్చాడు! ఆ ఉత్తరం పోస్టే చెయ్యలేదు, ఇంకా నా జేబులోనే ఉంది. కాబట్టి నువ్వూ కాదు, లక్ష్ముడూ కాదు. క్షమించు.

ఇక మిగిలింది మీ అత్త. ముప్ఫై ఏళ్ళ కాపురం. రెండ్రోజులుగా ఆమెని గడప దాటనివ్వలేదు, నూతికి కూడా నేనే వెళ్తున్నాను. "మీకు మతి పోనాదేటి?" అంటోంది. దొంగలందరూ అలాగే అంటారు. కానీ బాధగా ఉందమ్మా. ఇంట్లో మనిషినే నమ్మలేనప్పుడు నక్షత్రం పైకెక్కితే ఏటి, ఎక్కకపోతే ఏటి?

ఇట్లు,
మావ.

తా.క.: పిల్లి మీద కూడా కన్నేశాను. రెండిళ్ళలోనూ తింటుంది.

బెంగుళూరు,
4 డిసెంబరు.

మావా, ముందు ఈ ఉత్తరం పెదవి కదపకుండా చదువు.

దొంగ అత్త కాదు. పిల్లీ కాదు. నువ్వే! ముప్ఫై ఏళ్ళు ఒకటో తరగతికి డిక్టేషను చెప్పిన మేష్టరువి. నోరు కదలకపోతే నీ చెయ్యి కదలదు. నువ్వు రాసినా, చదివినా గోడవతలికి వినపడుతుంది. నాన్న నిన్న, నీ చెవిన పడకూడదని, రైల్వే స్టేషను దాకా నడిచి వెళ్ళి నాకు ఫోను చేశాడు. ఆయన మాటలే రాస్తున్నాను.

"మీ మావ సదువుతంటే అన్నీ రాసుకున్నానమ్మా. ఎనక పేజీ ఒక్కసారే సదివినాడు, దార గొట్టం కొలత కాడికొచ్చేసరికి దగ్గీసినాడు. అదొక్కటీ వినపడ్లేదు. మోటారు నాకో లెక్కేటి, తిరిగేస్తన్నాది. పెద్ద నక్షత్రమే రెండుసార్లు కూలిపోనాది. ఆడి సేతి కట్టు నాకు రాదు. అడుగుదారంటే మొగం సెల్లదు."

కొలత నీ దగ్గరుంది మావా. మనసులో చదువుకుంటావో, పైకి చదువుతావో నీ ఇష్టం.

పద్మజ.

తా.క.: అత్తకి క్షమాపణ చెప్పు. అది మాత్రం పైకే చెప్పు.

గరివిడి,
25 డిసెంబరు.

నా బంగారు మేనకోడలికి మావ క్రిస్మస్ వందనాలు.

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నోరు బిగబట్టి కూర్చున్నాను. మీ అత్త, ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదంది. నాలుగో రోజు మనసొప్పలేదు. వెనక పేజీ తీసి గట్టిగా చదివాను. 'ధార గొట్టం, మూడున్నర అడుగులు.' మళ్ళీ చదివాను. గోడవతల నుంచి బావ గొంతు వినపడింది.

"మూడున్నరా, నాలుగున్నరా?"

"మూడున్నర!"

"నీ మోటారు తిరగతన్నాదేటి?"

"లేదు బావా."

"పెద్దది అక్కడే ఉంచు. సిన్నది నేను పట్టుకొస్తన్నాను."

రెండేళ్ళకి మొదటి మాట అది. ఇద్దరం గుమ్మంలో నిలబడి ఏడ్చాం, సిగ్గెందుకు. నా పెద్దదీ బావ చిన్నదీ కలిపి కట్టాం. నిన్న సాయంత్రం చర్చి మీద ధారలు రెండూ చిమ్ముతుంటే చీపురుపల్లి నుంచి కూడా వచ్చి చూశారు. వేరే సంఘం ఊసు ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

ఇట్లు,
ఒకే సంఘ సభ్యుడు,
నీ మావ.

తా.క.: ఎక్కించేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది బావే. ఆయన మీద నాకు పూర్తి నమ్మకం. అయినా ముందే ముక్కుకి తువ్వాలు కట్టించాను.