పిల్లల కోసం వచ్చిన టీవీ

అక్కా,

నువ్వు పోయి ఇవ్వాళ్టికి ఏడాది. నీ బడి పిల్లలకు కావాలని ఆదోని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగావే, ఆ టీవీ వచ్చింది. వచ్చి ఏం లాభం?

సర్కారు దాన్ని బడికే పంపింది. సర్పంచు తన ఇంటి పడసాలలో పెట్టించుకున్నాడు. అడిగితే, "ఆ బొమ్మలు సూస్తే పిల్లోళ్లు సెడిపోతారమ్మా. ముందు మేం సూస్తాం, మంచివైతే సూపిస్తాం" అన్నాడు. దసరా నుంచి చూస్తూనే ఉన్నాడు, సిగ్గులేనివాడు!

ఈ పొద్దున పిల్లల కార్యక్రమం వేళకు నీ కూతురు కండెలకు నూలు చుట్టడం ఆపి పరుగెత్తింది. నేనూ మగ్గం దిగి వెనకే పోయాను. లోపల సర్పంచు, అతని చుట్టాలు టీవీ ముందు పేకాడుతున్నారు. పిల్లను చూసి సర్పంచు, "ఈడేం పని నీకు? పో!" అంటూ తలుపేసుకున్నాడు.

నేను ఆ తలుపును దబదబా బాదాను. "సర్కారు ఇచ్చింది నీకా, పిల్లోళ్లకా? తియ్యప్పా తలుపు!" అని అరిచాను. ఎవరూ తియ్యలేదు.

లోపల టీవీలో ఒకామె ముద్దుగా అడుగుతోంది. "పిల్లలూ, అందరూ వచ్చి కూర్చున్నారా?"

నీ కూతురు వీధిలో నుంచే గొంతు చించుకుని జవాబిచ్చింది.

"లేదు టీచరమ్మా! మమ్మల్ని బయటికి తరిమినారు!"