తొట్టిలో మడ మొక్కలు

బావా,

నువ్వు పీతలు పట్టుకున్న ఉప్పుటేటి గెడ్డను పూడ్చిన బుల్డోజర్ నడిపింది నేనే. నువ్వు బతికుండగా చెప్పలేకపోయాను. దాని కింద నలిగిన మడ మొక్కలు మూడు తెచ్చి, ఉక్కునగరం క్వార్టర్లో చేపల తొట్టి నిండా ఉప్పునీళ్లు పోసి పెట్టాను. అవి కోలుకోలేదు.

పోయిన నెల అక్క వచ్చి, ఒక ఆకు తుంచి నాలుకకు ఆనించుకుంది. ఉప్పగా తగిలినట్టుంది.

“మన గెడ్డవేనేటి?”

“కాదక్కా, నాను కొన్నాను.”

మడ మొక్క ఏ సంతలోనూ అమ్మరని ఇద్దరికీ తెలుసు. అక్క మగ్గుతో సగం నీళ్లు తోడేసింది.

“పొద్దల్లా ములిగుంటే సచ్చిపోతాయి. పోటొచ్చాక ఆటు రావాల.”

అప్పటినుంచి రోజుకు రెండుసార్లు నీళ్లు తోడి, మళ్లీ పోస్తున్నాను.

నిన్న నీ సంవత్సరీకం. అక్క తొట్టిలో చిగుళ్లు చూసింది.

“మంచి మొక్కలే కొన్నావురా,” అంది, నా మొహం చూడకుండా.