డబ్బాలో ఫోను, చేతిలో వాక్యం

గౌరవనీయులైన బావగారికి,

ప్రభువు నామంలో వందనాలు. మేమంతా క్షేమం. మీరూ, చెల్లెమ్మా, అమ్మాయీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఆదివారం మీరు ముగ్గురూ మా ఇంటికి రావడం మాకు ఎంతో సంతోషం. మా వాడికి మీ అమ్మాయి నచ్చింది. మీ అమ్మాయికి మా వాడు నచ్చాడు. మా ఆవిడకి మీ ఆవిడ నచ్చింది. నచ్చడాల దగ్గర ఏ పేచీ లేదు. ఒక్క విషయం మాత్రం నాకు మింగుడు పడలేదు.

భోజనానికి ముందు నేను కీర్తన చదివి ప్రార్థన చేశాను కదా. మొత్తం పదకొండు నిమిషాలు. నేను గడియారాలు బాగుచేసేవాణ్ని, టైము చూడటం నా వృత్తి. ఆ పదకొండులో సుమారు ఆరు నిమిషాలు మీ కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి. బొటనవేలితో పైకి తోశారు, కిందికి తోశారు, ఒకసారి నవ్వారు కూడా. ఆ కీర్తనలో నవ్వొచ్చే మాట ఒక్కటీ లేదు. మీరు వెళ్లాక మళ్లీ చదివి చూసుకున్నాను.

నేను సంఘ పెద్దని. రేపు మన మనవలు మీ ఒళ్లో కూర్చుని ఏం చూస్తారన్నది నాకు ముఖ్యం. అందుకని పెళ్లి తేదీ అనుకునే ముందు ఒక చిన్న మనవి. నెల రోజుల పాటు పొద్దున్నే ఫోన్ పక్కగదిలో పెట్టి, కాగితం బైబిల్ తెరిచి రోజుకో అధ్యాయం చదవండి. ఏం చదివారో వారానికో ఉత్తరం రాయండి. తర్వాత తేదీ మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ కాబోయే బావ (అని నా ఆశ)

తా.క.: అందరం ‘ఆమేన్’ అనగానే మీ ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు ‘రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి’ అంది. మా ఆవిడ నిజంగానే ఎడమకు తిరిగింది.

*

బావగారికి వందనాలు.

మీ ఉత్తరం అందింది. మా ఇంటికి పోస్టులో ఉత్తరం వచ్చి ఎన్నేళ్లయిందో, మా ఆవిడ కోర్టు నోటీసు అనుకుని కంగారుపడింది. చదివాక, ఆమె మరీ తప్పుగా అనుకోలేదనిపించింది.

నేను చూసింది వాక్యమే బావగారూ. నా బైబిల్ ఫోన్‌లో ఉంది. మీరు చదువుతున్న కీర్తననే వెతుక్కుని మీ వెనకాలే చదువుతున్నాను. నేను లిఫ్టు మెకానిక్‌ని. ఒంటినిండా గ్రీజుతో, చంకలో బైబిల్ పెట్టుకుని లిఫ్టు గోతిలోకి దిగలేను. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని, చేతులు తుడుచుకుని, ఫోన్‌లోనే ఓ అధ్యాయం చదువుకుంటాను. అదీకాక ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే ముందు మోగేది నా ఫోనే. దాన్ని పక్కగదిలో పెడితే లోపలున్నవాళ్ల గతేమిటి?

మా అమ్మాయి మీ అబ్బాయి మీద ప్రాణం పెట్టుకుంది. ఆ ఒక్క సంగతి మనసులో ఉంచుకుని తేదీ చెప్పండి.

ఇట్లు,
మీ కాబోయే బావ, బ్రాకెట్లు లేకుండా

తా.క.: ఆ ఆడగొంతు మీ ఇంటికి దారి చెప్పిన మనిషిది. మేం వచ్చి గంటయినా ఆవిడ ఇంకా మీ ఇల్లు వెతుకుతోంది.

*

బావగారికి,

ప్రభువు నామంలో వందనాలు.

వాక్యమే చూశానన్నారు, సంతోషం. మరి ఆరు వచనాల కీర్తనకి బొటనవేలు పద్నాలుగుసార్లు ఎందుకు కదిలింది? అంతసేపు తోస్తే ఈపాటికి చివరి గ్రంథం చివరి పేజీకి చేరి ఉండాలి.

ఫోన్‌లో వాక్యం ఉందంటే నమ్ముతాను. కానీ దాని పక్కనే ఇంకేమేం ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది నట్టనడి బజారులో కూర్చుని ప్రార్థన చేసుకోవడం లాంటిది. ప్రార్థనా సాగదు, బేరమూ కుదరదు.

మీ ఇబ్బంది నాకు అర్థమైంది కాబట్టి ఒక ఉపాయం చేశాను. ఈ పార్సెల్‌లో ఒక రేకు బిస్కెట్ల డబ్బా పంపుతున్నాను. మూతకి పాత అలారం గడియారం యంత్రం బిగించాను. ఫోన్ లోపల పెట్టి మూత నొక్కితే సరిగ్గా గంటకి తెరుచుకుంటుంది. ఒక సెకను ముందు కాదు, ఒక సెకను తర్వాత కాదు. నలభై ఏళ్ల అనుభవం అందులో పెట్టాను. రోజుకో గంట, అంతే. పెళ్లి తేదీ మీ చేతిలో ఉంది.

ఇట్లు,
మీ మేలు కోరే బావ

తా.క.: చదివినదాని సారాంశం మీ చేతిరాతతోనే రాయండి. అమ్మాయి చేత రాయించకండి. ఆమె దస్తూరీ బాగుంటుందని మా వాడు చెప్పాడు, మీది ఎలా ఉంటుందో నేనే చూస్తున్నాను.

*

బావగారికి వందనాలు.

డబ్బా అందింది. ఏం చదివానో రాయమన్నారు, రాస్తున్నాను.

గురువారం పొద్దున ఆరింటికి ఫోన్ డబ్బాలో పెట్టి మూత నొక్కాను. బైబిల్ తెరిస్తే వంశావళులు వచ్చాయి. ఎవరు ఎవరిని కన్నారో మూడో మనిషి దాకా చదివాను. ఆరూ పదికి డబ్బా మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. స్క్రూడ్రైవరు తెచ్చాను. పెద్ద స్క్రూడ్రైవరు తెచ్చాను. ఎన్ని మొండి లిఫ్టు తలుపులు తెరిచానో నాకే లెక్క లేదు, మీ బిస్కెట్ల డబ్బా మాత్రం నా చేతులకి లొంగలేదు. ఎవరు పిలుస్తున్నారో, ఎక్కణ్నుంచో తెలిసే దారి లేదు. ఏడింటి దాకా పదిహేడుసార్లు మోగింది.

తెరిచి చూద్దును కదా, మా సంఘం పాస్టరుగారు. జబ్బుగా ఉన్న ఒకావిడ కోసం ప్రార్థన చేయడానికి వెళ్తూ, మా పక్కవీధి అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్నారు. యాభై నిమిషాలు నేల మీద కూర్చున్నారట. కంపెనీవాళ్లు నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. వియ్యంకుడి డబ్బా అని రాయనా?

తల ప్రాణం తోకకొచ్చింది బావగారూ. ఇక తేదీ చెప్పండి.

ఇట్లు,
మీ కాబోయే బావ

తా.క.: తలుపు తెరవగానే పాస్టరుగారు ‘ఇంతసేపూ ఏం చేస్తున్నావయ్యా?’ అన్నారు. ‘వాక్యం చదువుతున్నానండీ’ అన్నాను. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు.

*

ప్రియమైన బావగారికి,

ప్రభువు నామంలో హృదయపూర్వక వందనాలు.

మీ ఉత్తరం చదివి నా కళ్లు చెమర్చాయి. పదిహేడుసార్లు మోగినా, పిలుస్తున్నది సాక్షాత్తూ పాస్టరుగారే అయినా, వాక్యం ముందునుంచి లేవని మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మిమ్మల్ని తక్కువ అంచనా వేసినందుకు సిగ్గుపడుతున్నాను.

నిన్న ఆరాధనలో మీ ఉత్తరాన్ని సాక్ష్యంగా చదివి వినిపించాను. స్క్రూడ్రైవరు భాగం టైము చాలక వదిలేశాను. సంఘమంతా కదిలిపోయింది. ఆరాధన అయ్యేసరికి పద్నాలుగుమంది డబ్బాలు కావాలని పేర్లు ఇచ్చారు. నర్సమ్మ ఒకావిడ ఉంది, పురుళ్ల వార్డులో పని. ఫైర్ స్టేషన్ తమ్ముడు ఒకడు, ఇకనుంచి పొద్దున గంటసేపు ఏది కాలినా పట్టించుకోనన్నాడు. వారం పైగా పడుతుంది ఇవన్నీ చేయడానికి. పని చెడగొడుతోందని నా దుకాణం ఫోన్ తీగ కూడా పీకేశాను. మీ చలవే.

తేదీ సంగతి తప్పక మాట్లాడుకుందాం. నెల పూర్తికానివ్వండి. ఇంత మంచి సాక్ష్యాన్ని మధ్యలో ఆపితే బాగుండదు.

ఇట్లు,
మిమ్మల్ని చూసి గర్వపడే బావ

తా.క.: మూడో మనిషి తర్వాత ఎవరు ఎవరిని కన్నారో వచ్చే ఉత్తరంలో రాయండి.

రెండో తా.క.: మా ఆవిడ అడగమంది, ఆ లిఫ్టు బాగైందా అని.

*

బావగారికి,

వందనాలు. దయచేసి ఆ సాక్ష్యం ఆపండి.

నేను ఫోన్ ముట్టకుండా నిగ్రహించుకోలేదు, ముట్టలేకపోయాను. స్క్రూడ్రైవర్ల గురించి అంత వివరంగా రాస్తే మీకు అందులో భక్తి ఎక్కడ కనిపించిందో నాకు అంతుపట్టలేదు. మీ సంఘంవాళ్లు ఇద్దరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, వీధిలోనే నాకు దండం పెట్టారు. అప్పుడే మా పాస్టరుగారు అటుగా వచ్చారు. చూసి అవతలి పక్కకి వెళ్లిపోయారు.

ఇక నిజం చెప్పేస్తాను. మీ ఇంట్లో మొదటి నాలుగు వచనాలు మీతోపాటే చదివాను. ఐదో వచనం దగ్గర నా తోటి మెకానిక్ ఒక వీడియో పంపాడు. ఒక పిల్లి లిఫ్టెక్కి, ఏ అంతస్తులోనూ దిగకుండా పైకీ కిందికీ తిరుగుతుంది. దానికే నవ్వాను. తప్పే. రోజూ చేసే తప్పే. ఒక్క అధ్యాయం అని కూర్చుంటాను, ఏదో టింగుమంటుంది, తేరుకునేసరికి మధ్యాహ్నం విరామం అయిపోతుంది. డ్యూటీ లేని రోజు మీ డబ్బా మళ్లీ వాడాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక అధ్యాయం మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదివాను. చాలా హాయిగా అనిపించింది. ఆ మాట దాచుకోను.

కానీ నా తప్పుకి నన్ను శిక్షించండి. తొమ్మిది రోజులుగా మీ వాడు మా అమ్మాయితో మాట్లాడటం లేదు. ఫోనెత్తడు, మెసేజీకి జవాబివ్వడు. మీరే వద్దని ఉంటారు. నా కూతురు నిన్న ‘ఆ సంబంధం వద్దులే నాన్నా’ అంది. అనేసి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. మాతో సంబంధం ఇష్టం లేకపోతే సూటిగా రాయండి. పిల్లని అలా నానబెట్టకండి.

ఇట్లు,
అమ్మాయి తండ్రి

తా.క.: డబ్బా తిప్పి పంపుతున్నాను. మూత మీద సుత్తి దెబ్బలు నావి కావు, మా ఆవిడవి.

*

బావగారికి, చెల్లెమ్మకి, ముఖ్యంగా అమ్మాయికి,

వందనాలు చెప్పడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మీ ఉత్తరం చదివిన వెంటనే మా వాణ్ని పిలిచి, అమ్మాయితో ఎందుకు మాట్లాడటం లేదురా అని అడిగాను. వాడి మొహం పాలిపోయింది. మీ సాక్ష్యం చదివిన రోజు అందరికంటే ముందు లేచి డబ్బా అడిగింది వాడే. పెళ్లి తేదీ కుదిరేదాకా ఫోన్ ముట్టనని సంఘం ముందు చెప్పాడు. అన్ని రోజులు నడిచే యంత్రం నా దగ్గర లేక, తాళం వేయించుకుని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను వాణ్ని కౌగిలించుకుని మురిసిపోయాను.

‘మరి ఆ సంగతి అమ్మాయికి చెప్పావా?’ అన్నాను.

‘చెబుదామంటే ఫోన్ డబ్బాలో ఉంది కదా నాన్నా’ అన్నాడు.

ఆమె నంబరు కూడా అందులోనే ఉందట. పోనీ ఉత్తరం రాయొచ్చు కదరా అంటే, ‘మీరు రాస్తున్నారుగా, చెప్పే ఉంటారనుకున్నాను’ అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లు పెంచాను బావగారూ వీణ్ని.

తాళం తీశాం. నూట పన్నెండు మెసేజీలు ఉన్నాయి. మొదటిది ‘తిన్నారా’. చివరిది ‘ఇక రాయను’. మధ్యవి నేను చూడలేదు. వాడు గోడవైపు తిరిగి చదువుకున్నాడు. తర్వాత వాడు పంపినవాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు. ఫోన్ అంటే బజారు అని మీకు పాఠం చెప్పాను. ఆ బజారులో ఒక ఆడపిల్ల తొమ్మిది రోజులు మా ఇంటివైపు చూస్తూ నిలబడి ఉందని నా బుర్రకి తట్టలేదు.

అందుకని మా ఆవిడ ఫోన్ అడిగి తీసుకుని, నిన్న నేనే మీ అమ్మాయికి టైపు చేశాను. తప్పు వాడిది కాదు, నాది, క్షమించమ్మా అని. నాలుగు వాక్యాలకి గంటా పది నిమిషాలు పట్టింది. ఇవాళ పొద్దున వాక్యం చదవడానికి కూర్చున్నాను. వచనానికోసారి ఫోన్ చూశాను, జవాబు వచ్చిందేమోనని. సగంలో ఆపేసి ఆమెకి ఇంకో వాక్యం పంపాను: నువ్వు పలికితే తప్ప ఈ అధ్యాయం నాకు ముందుకు సాగేలా లేదమ్మా అని. మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. తేదీ మీరే చెప్పండి. ఏ రోజైనా సరే, ఏ గంటైనా సరే.

ఇట్లు,
క్షమించమని అడిగే బావ

తా.క.: మా ఆవిడ ఫోన్‌లో బైబిల్ ఉంది. వంట చేస్తూ వింటుందట, ఈ ఏడాది రెండోసారి పూర్తి కావస్తోంది. నేను ఇంకా మొదటిసారి సగంలోనే ఉన్నాను. నాకెప్పుడూ చెప్పలేదేం అంటే, ‘మీరు ఎప్పుడూ అడగలేదుగా’ అంది.

రెండో తా.క.: కవరు అంటించబోతుంటే మా ఆవిడ ఫోన్ టింగుమంది. మీ అమ్మాయి. ఇన్నాళ్లూ నన్ను ‘అండీ’ అని తప్ప పిలవని పిల్ల ఇలా రాసింది: ‘మావయ్యా, మీరు ముందు ఆ అధ్యాయం పూర్తి చేసి రండి. నేను ఇక్కడే ఉంటాను.’