గ్రూపుకు వేసిన తాళం

ఆగస్టు 3, ఆదివారం

మళ్లీ మొదలైంది. మా రక్తదాతల వాట్సాప్ గ్రూపులో నాలుగు వందల మంది ఉన్నారు. గొడవ పెట్టుకునేది మాత్రం ఎప్పుడూ ఆ ఇద్దరే. కర్ణాకర్ రక్తం ఇచ్చి, పేషెంటు మంచం పక్కన నిలబడి, బొటనవేలు చూపిస్తూ ఫొటో పెట్టాడు. పేషెంటు ముఖానికి ఆక్సిజన్ మాస్కు. ల్యాబ్‌లో పనిచేసే స్వరూప ఊరుకోలేదు. రక్తం ఇవ్వడానికి పోయావా, ఫొటో దిగడానికి పోయావా అంది. నీ పని నువ్వు చూసుకో అన్నాడు. నలభై మెసేజ్‌లు. అవి చదువుతూ పప్పు మాడబెట్టాను.

పదేళ్లు టీచర్‌గా చేశాక గోల వింటే నాకు చెయ్యి దురద పెడుతుంది.

ఆగస్టు 4

ఇంటర్వెల్‌లో ఇద్దరికీ ఫోన్ చేశాను. ఫొటో చూసే కదా కొత్తవాళ్లు ముందుకొస్తారు అంటాడు కర్ణాకర్. నిజమే. మంచం మీదున్న మనిషిని ఎవరడిగారు అంటుంది స్వరూప. అదీ నిజమే. ఇద్దరి రక్తమూ ఓ నెగెటివ్. తొందరగా దొరకదు. ఎవరినీ వదులుకోలేను.

నాకు మాత్రం ఎవరూ ఫోన్ చేయకూడదు. క్లాసులో ఫోన్ మోగి హెడ్‌మాస్టర్‌తో తిట్లు తిన్నాక పెట్టిన రూల్ అది. రక్తం కావాలంటే గ్రూపులోనే అడగాలి. నాకు చేస్తే గ్రూపులోంచి తీసేస్తానని రాశాను. అప్పటినుంచి హాయిగా ఉంది.

ఆగస్టు 5, సాయంత్రం

కర్ణాకర్ ఈ రోజు స్వరూప వాళ్లమ్మను కూడా లాగాడు. స్వరూప అతని చదువు మాట ఎత్తింది. చెరో పక్కా పది మంది చేరారు. మధ్యలో కోహెడ దుబ్బయ్య వాయిస్ పెట్టాడు. తాళ్లెక్కి కల్లు గీసే మనిషి, టైపు చేయడం రాదు, ఏదైనా వాయిసే.

"రక్తమిచ్చెటోళ్లే గిట్ల తిట్టుకుంటే ఎట్ల బిడ్డా? ఇగ సాలు జెయ్యుండ్రి."

నవ్వొచ్చింది. తర్వాత గొడవలోని మెసేజ్‌లన్నీ డిలీట్ చేశాను, ఆయనదీ కలిపి. ఒకరిది ఉంచితే ఇంకొకరు అడుగుతారు. గ్రూపుకు తాళం వేశాను. ఇప్పుడు అడ్మిన్ తప్ప ఎవరూ ఏమీ పెట్టలేరు. అడ్మిన్‌ని నేనొక్కదాన్నే. రెండు రోజులు నోరు మూసుకుంటే బుద్ధి వస్తుంది. మా ఎనిమిదో తరగతికి ఇదే మందు.

ఆగస్టు 6

ఎంత ప్రశాంతంగా ఉందో.

ఆగస్టు 7, మధ్యాహ్నం 2

సగం రోజు సెలవు పెట్టి ఇద్దరినీ సిద్దిపేట పాత బస్టాండ్ దగ్గర హోటల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టాను. గంటన్నర పట్టింది. ఇకమీదట ఫొటోలో ఇచ్చేవాళ్ల చెయ్యి, రక్తం బ్యాగు మాత్రమే ఉండాలి. పేషెంటు ఉండకూడదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. కర్ణాకర్ సారీ అక్కా అన్నాడు. స్వరూప తన ప్లేటులోని మిర్చి ఒకటి అతనికి వేసింది. ముగ్గురం నవ్వుతూ ఫొటో దిగాం. ఒంటిగంటన్నరకు తాళం తీసి మొదట అదే పెట్టాను. రాజీ చేయడంలో నన్ను మించినవాళ్లు లేరనిపించింది.

ఆగస్టు 8

దుబ్బయ్య కూతురు స్వర్ణ చనిపోయింది. నిన్న, కాన్పులో. ఓ నెగెటివ్.

ఆగస్టు 9

కోహెడ వెళ్లొచ్చాను. ఏడో తారీఖు పొద్దున సిద్దిపేటలోనే కాన్పయింది. పాప బాగుంది. తల్లికి రక్తం ఆగలేదు. ఉన్న రెండు బ్యాగులూ ఎక్కించారు, ఇంకా కావాలన్నారు. కరీంనగర్ నుంచి తెచ్చేసరికి ఒంటిగంట దాటింది. అప్పటికే అయిపోయింది. ఆ దవాఖాన మేం కూర్చున్న హోటల్‌కు నడిచి పది నిమిషాలు.

దుబ్బయ్య నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీ వేయించి, ఫోన్ చూపించాడు.

"రక్తం గావాలని వాయిస్ పెడ్దమంటే మైకు గుర్తు కానరాలే టీచరమ్మా. మొన్న నా మాట గూడ తీసేస్తిరి. నడుమల మాట్లాడినందుకు గ్రూపులకెల్లి నన్ను తీసేసిన్రు అనుకున్న."

మిగతావాళ్ల నంబర్లు అందులోంచి ఎట్లా తీయాలో ఆయనకు తెలియదు. నాకెందుకు ఫోన్ చేయలేదని అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరెట్లా వచ్చిందో.

"చెయ్యొద్దని రూల్ గదా."

ఇరవై ఒక్కసార్లు రక్తం ఇచ్చిన మనిషి. తాళం వేసింది నేనేనని, అందరికీ వేశానని చెప్పాను. ఫోన్ తీసుకుని గ్రూపు మళ్లీ తెరిచి చూశాడు.

"గట్లనా. అయితే నన్ను తియ్యలే."

ముఖంలో కొంచెం ఊరట కనిపించింది. దాన్ని భరించలేక లేచి వచ్చేశాను. దారంతా ఏడ్చాను.

ఆగస్టు 12

ఇద్దరూ మళ్లీ గ్రూపులో తిట్టుకుంటున్నారు. ఈసారి స్వర్ణ చావు ఎవరి వల్ల అని. తప్పు నాదే అని రాశాను. ఎవరూ కాదనలేదు.

సెప్టెంబర్ 2

గ్రూపులో దుబ్బయ్య వాయిస్. తొమ్మిది సెకన్లు.

"నాది బి పాజిటివ్. రక్తమిచ్చి మొన్నటికి మూడు నెలలైంది. ఎవలికన్న గావాల్నంటే వస్త."