లిఫ్టులో అంటించిన జాబితా

అత్తయ్యకు,

మీ తలుపు దాకా మూడుసార్లు వచ్చి, బెల్లు కొట్టే ధైర్యం లేక వెనక్కి పోయాను. ఒకే బిల్డింగులో ఉంటూ ఉత్తరం రాయడం అందుకే.

డాబా మీది వాననీళ్ళు గొట్టాల్లోంచి సెల్లార్ ట్యాంకులోకి దిగే ఏర్పాటు పోట్లాడి పెట్టించింది నేనేనన్న పొగరు నాకు తలకెక్కింది. నూట నలభై ఇళ్ళలో బట్టలుతకడానికీ బాత్రూములకీ ఆ నీళ్ళే. ఇంటింటికీ ఒక మీటరు. నీళ్ళు వృథా చేసేవాడు పక్కవాడి గొంతు ఎండబెడుతున్నాడని ఏదో కరపత్రంలో చదివాను. అది పట్టుకుని మీటర్లన్నీ చూసి, 'వాననీళ్ళ దొంగలు' అని ఎర్ర అక్షరాలతో జాబితా రాసి లిఫ్టులో అంటించాను. మొదటిది మీ ఇల్లే. సొంత మేనత్తనైనా వదల్లేదని లోలోపల మురిసిపోయాను కూడా. అన్ని నీళ్ళు ఎందుకవుతున్నాయని మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

ఆ సాయంత్రం లిఫ్టులో మూడో అంతస్తు లెక్కల మాస్టారు, "ఉండేది ఇద్దరేగా అమ్మా, ఏనుగునేమైనా పెంచుతున్నారా?" అన్నారు. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. పక్కనే నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

నిన్న వానలో మీరు డాబా మీద టబ్బులో దుప్పట్లు తొక్కుతున్నారు. సబ్బునీళ్ళు ట్యాంకులో కలుస్తాయని అరుచుకుంటూ వచ్చాను. "చుక్క కూడా పోనివ్వట్లేదురా, బకెట్లో పట్టి కిందికి మోస్తున్నా. ఇవి నీ మీటరు నీళ్ళు కావులే, పైనించి పడుతున్నవే" అన్నారు. అప్పుడు చూశాను దుప్పటి మీది మరకలు. మామయ్య మంచం దిగలేకపోతున్నారని తెలుసు. అన్నీ మంచంలోనే అయిపోతున్నాయనీ, రోజుకు ఆరేడు దుప్పట్లు ఉతుకుతూ ఎవరికీ తెలియనివ్వకుండా నెట్టుకొస్తున్నారనీ అప్పుడర్థమైంది. తల కొట్టేసినట్టయింది. బకెట్టు అందుకోవాల్సింది పోయి మెట్లు దిగి పారిపోయాను.

రేపు ఆ జాబితా చింపేసి అక్కడే క్షమాపణ అంటిస్తాను. మీ ఇంట్లో అన్ని నీళ్ళు ఎందుకవుతాయో వివరంగా రాసి, అసలు దొంగను నేనేనని కింద సంతకం పెడతాను. అందరూ చదవాలి.

మీకు మొహం చూపించలేని
మేనల్లుడు

ఒరే అబ్బాయీ,

నీ ఉత్తరం మీ మామయ్యకు చదివి వినిపించలేదు. జాబితా సంగతి ఆయనకు తెలియదు, తెలియకూడదు కూడా.

క్షమాపణలూ గిమాపణలూ ఏమీ అంటించకు. నేను నీళ్ళు దుబారా చేసే మనిషినని అనుకుంటే అనుకోనీ. ఏనుగును పెంచుతున్నాననుకోనీ, నవ్వేసి ఊరుకోగలను. కానీ అసలు సంగతి తెలిస్తే, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఆయన దుప్పటి వైపే చూస్తారు. ఆయన తట్టుకోలేరు. నీ గుండె బరువు దింపుకోవడానికి ఆయన పరువు తియ్యకురా. జాబితా కూడా ఉండనీ. చింపితే ఎందుకని అడుగుతారు, నీకు అబద్ధమాడటం చేతకాదు.

సిగ్గుగా ఉందన్నావు. ఉండనీ. ఎవరికీ చెప్పుకోకుండా మొయ్యి, నేను మొయ్యట్లేదూ?

రేపు పొద్దున్నే రా, దుప్పట్లున్నాయి. వచ్చినవాడివి మామయ్య దగ్గర కాసేపు కూర్చో. వాన పడ్డప్పుడల్లా కిటికీ తెరిపించుకుని, "మనవాడి ట్యాంకు నిండిందా?" అని అడుగుతున్నారు.

అత్త